తోడికోడలి సాక్ష్యం

చర్ర్‌మని ఒక చప్పుడు. కాస్త ఆగి, మళ్ళీ చర్ర్.

తోటలోకి అడుగుపెట్టగానే, మనిషి కనబడకముందే ఆ చప్పుడు వినబడుతుంది. రసాలు మగ్గే వాసనలోంచి, మంచు ఇంకా ఆరని ఆకుల మీదుగా వస్తుంది. ఎవరో తెల్లవారుజామునే దేన్నో రెండు చేతులా పట్టుకుని నిలువునా చింపుతున్నట్టు ఉంటుంది. రేకుల షెడ్డు దగ్గరికి వెళ్తే తెలుస్తుంది, అవి పాత న్యూస్‌పేపర్లని. మామిడికాయల కింద ట్రేలలో పరచడానికి వాటిని చింపుతున్న మనిషి లేయా.

మిగతా ఆడవాళ్ళు మడత పెట్టి నెమ్మదిగా చింపుతారు. లేయా ఒక్క గుంజు గుంజుతుంది.

"కాగితాల మీద నీకేదో పాత పగ ఉందే లేయమ్మా," అంటాడు పక్కింటి పున్నయ్య.

"ఉంది బాబాయ్. నా పేరున్న కాగితం ఒక్కటి పట్రా. దాన్ని మాత్రం చింపను."

నూజివీడు నుంచి ముసునూరు వెళ్ళే దారిలో, లేయా భర్త బాలశౌరి ఏటా ఒకటో రెండో తోటల కాపు కొంటాడు. కాయ దింపించడం అతని పని. ఏరడం, తుడవడం, పేర్చడం లేయా పని. బాలశౌరి తమ్ముడు శ్యామ్ సుందర్ వ్యాను నడుపుతాడు, సరుకు మార్కెట్‌కి చేరుస్తాడు. అన్నదమ్ముల ఇళ్ళ మధ్య గోడ ఒకటే, పొయ్యిలు రెండు.

లేయాకి అసూయ ఉంది. ఊళ్ళో కొందరికి షుగర్ ఉన్నట్టు, కొందరికి మోకాళ్ళ నొప్పులున్నట్టు ఆవిడకి అసూయ. దాచుకోదు కూడా. పక్క తోటలో పూత ముందు విచ్చుకుంటే ఆ పూట ఆవిడకి అన్నం సహించదు. ఎదురింటి కుళాయిలో నీళ్ళు లావుగా పడితే నిలబడి చూస్తుంది. ఒకసారి చూసి కుళ్ళుకున్నదేదీ ఇక మర్చిపోదు. చీరల అంచులు, చెవుల రింగులు, ఎవరి పిల్లకి ఏ మార్కులు, అన్నీ ఆవిడ లోపల మామిడి సొన మరకల్లా ఉండిపోతాయి. ఎంత ఉతికినా పోవు.

ఒకప్పుడు మాత్రం ఊళ్ళో వాళ్ళే ఆవిడని చూసి కుళ్ళుకునేవారు. లేయా ఆరేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. పులిబొమ్మ కంబళి, అత్తరు సీసా, గొంతులో నాలుగు అరబ్బీ మాటలు తెచ్చుకుంది. ఆ తర్వాత చాలాకాలం, ఊరికి విదేశమంటే లేయానే. మీసేవలో సర్వర్ లేదన్నా, కరెంటు పోయినా, బస్సు రాకపోయినా, "కువైట్‌లో అయితేనా..." అని మొదలుపెట్టేది. చుట్టూ ఉన్నవాళ్ళు పనులు ఆపి వినేవారు.

వాళ్ళకి చెప్పనివి కొన్ని ఉన్నాయి. దిగిన రోజే పాస్‌పోర్టు ఇంటి యజమాని ఇనప బీరువాలోకి వెళ్ళిపోయింది. బతాకా అని ఒక గుర్తింపు కార్డు చేయించారు, అదీ ఆయన దగ్గరే. ఆఫీసులో వేళ్ళన్నీ గాజుపలక మీద పెట్టించుకున్నారు. అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆయన్నే అడిగారు, ఆయనే జవాబిచ్చాడు. ఆ ఇంట్లో ఆవిడని మరియం అని పిలిచేవారు. అంతకుముందు పనిచేసి వెళ్ళినామె పేరు మరియం, పిల్లలకి ఆ పేరు అలవాటైపోయిందని. ఆరేళ్ళూ లేయా ఇంకెవరి పేరుకో పలికింది. ఆరేళ్ళలో ఆ తలుపు కింద నుంచి లేయా అని రాసిన కవరు ఒక్కటీ రాలేదు.

అలాంటి లేయాకి తోడికోడలుగా షాలోమి వచ్చింది. నర్సింగ్ చదివిన పిల్ల. శ్యామ్ సుందర్‌తో పెళ్ళయిన ఏడాదిలోపే జర్మనీలో ఆసుపత్రి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఊరికి విదేశమంటే జర్మనీ అయింది. కువైట్ పాత క్యాలెండర్‌లా గోడకి వేలాడుతూ ఉండిపోయింది.

ఒక ఏడాది కాపు దిగే రోజుల్లో షాలోమి సెలవు మీద వచ్చింది. వాకిట్లో మాగాయకి ముక్కలు తరుగుతూ కూర్చున్నారు తోడికోడళ్ళిద్దరూ. పున్నయ్య అరుగు మీద కూర్చుని టెంకలకి అంటుకున్న కండ చీకుతున్నాడు.

"అక్కడ ఇల్లు మారితే ఆఫీసుకెళ్ళి చెప్పాలి బాబాయ్, ఇక మీదట నేను ఫలానా ఇంట్లో ఉంటానని," అంది షాలోమి.

"ఆఫీసుకెందుకే? పక్కింటావిడ చెవిలో వేస్తే సరిపోదూ?"

"పక్కింటావిడ పేరే తెలీదు నాకు. తలుపు మీద రాసుంటుంది, నాకు నోరు తిరగదు. ఆదివారం బట్టలుతకకూడదు. ఒకసారి మిషన్ వేస్తే కింద ఇంటాయన చీటీ రాసి తలుపుకి అంటించాడు, చప్పుడవుతోందని."

"పైకొచ్చి తిట్టలేదా?"

"తిట్టినా బాగుండేది బాబాయ్. చీటీ కింద నమస్కారాలు కూడా పెట్టాడు."

పున్నయ్య పగలబడి నవ్వాడు. "నమస్కారం పెట్టి తిట్టే దేశం! మరి ఆఫీసుల సంగతేంటి? పని తొందరగా అవుతుందా?"

"ఎక్కడ? అన్నిటికీ ముందు టైమ్ తీసుకోవాలి. టెర్మిన్ అంటారు. టెర్మిన్ లేకపోతే డాక్టరూ చూడడు, ఆఫీసరూ చూడడు. ఒక్కోసారి నెలలు పడుతుంది. ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, ఆ కాగితం పెట్టలేదు, ఈ కాగితం పాతదైంది అని."

"మన సచివాలయమే నయం కదే! సర్వర్ లేదంటే వెళ్ళి టీ తాగి వస్తాం. వచ్చేసరికి ఉంటుంది."

"నయమే," అంది షాలోమి. కత్తి ఆగింది. "ఇక్కడ కంప్యూటర్ ముందు మన ప్రవల్లిక కూర్చుంటుంది. పని అవనీ, అవకపోనీ, 'ఏంటి వదినా, చిక్కిపోయావు' అంటుంది. అక్కడ అద్దం అవతల నుంచి నన్నెవరూ అలా అడగరు బాబాయ్. ఇక్కడ ఉన్నవాళ్ళని చూస్తే నాకు కుళ్ళొస్తుంది, నిజంగా."

ఆ మాట వినగానే లేయా తలెత్తింది. కుళ్ళు ఆవిడ సొంత ఆస్తి. అందులోనూ ఈ పిల్లకి వాటానా?

"ప్రవల్లిక రేపు రమ్మంటుంది," అంది లేయా. "కువైట్‌లో బుక్రా అంటారు. అదీ రేపే. రేపు అననిది మీ దేశమొక్కటే. ఇంకా ఏడుపెందుకు?"

"వాళ్ళు రేపు అనరక్కా. తారీఖు వేసి ఉత్తరం రాస్తారు. చూపిస్తా ఉండు."

ఫోన్లో ఒక ఫొటో తీసి చూపించింది. తెల్లని కవరు. దానికొక చిన్న కిటికీ, ఆ కిటికీకి పల్చని అద్దంలాంటి కాగితం. లోపలి నుంచి పేరు బయటికి చూస్తోంది. షాలోమి. పేరుకి ముందు శ్రీమతి అనే మాట వాళ్ళ భాషలో.

"ఇంట్లో ఇలాంటివి ఒక పెట్టెడు ఉన్నాయి. విసుగొస్తుంది," అంది షాలోమి.

లేయా ఆ కిటికీని చూస్తూ ఉండిపోయింది. ఒక ఆఫీసు మీద విసుక్కోవాలంటే ముందు ఆ ఆఫీసుకి మన పేరు తెలిసుండాలి. పేరు పెట్టి పిలిచి, కూర్చోబెట్టి, ఇది లేదు అది లేదు అని చెప్పాలి. ఆ విసుగు కూడా లేయాకి ఒక నగలాగే కనిపించింది. చేతికంటిన సొన చురుక్కుమంది. ముక్కల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.

షాలోమి వెనకే వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"అక్కా, నీకొక్కదానికే చెబుతున్నా. ఆయన వీసాకి కాగితాలన్నీ ఇచ్చాం. ఇక ఒక మనిషి ఊరికొస్తాడంట. మా పెళ్ళి నిజమో కాదో చుట్టుపక్కల వాళ్ళని అడుగుతాడంట. ఎప్పుడొస్తాడో ముందు చెప్పడు. అతను కాదని రాశాడంటే ఇక అంతే. మళ్ళీ మొదటి నుంచి తిరగాలి, ఎన్నేళ్ళు పడుతుందో."

"అయితే ఊళ్ళో చెప్పి పెట్టు."

"అమ్మో! విమానం ఎక్కేదాకా వీసా మాట బయటికి రానిస్తారా ఎవరైనా? దిష్టి కొడుతుంది. నువ్వొక్కదానివి ఉన్నది ఉన్నట్టు చెప్పు చాలు."

"చెబుతాన్లే," అంది లేయా. ముక్కల మీద ఉప్పు చల్లుతూ అంది, మొహం ఇటు తిప్పకుండా.

సెలవు అయిపోయి షాలోమి మాగాయ సీసాతో జర్మనీ వెళ్ళిపోయింది. శ్యామ్ సుందర్ ఒంటరిగా వండుకోవడం, గోడ అవతల జర్మన్ మాటలు వల్లె వేయడం మళ్ళీ మొదలైంది. వ్యానులో కాయలు సర్దుతూ ట్రేలకి కూడా గూటెన్ మోర్గెన్ అని శుభోదయం చెప్పేవాడు.

ఆ రోజుల్లోనే వీధిలో ఒక పుకారు తిరుగుతోంది. విదేశంలో ఉన్నవాళ్ళ పేరుంటే బియ్యం కార్డు పోతుందని. నిజమో కాదో ఎవరూ కనుక్కోలేదు. కనుక్కుంటే ఎక్కడ నిజమైపోతుందోనని భయం. అప్పటి నుంచి ఫైలు పట్టుకున్నవాడు వీధిలో కనిపిస్తే చాలు, ఎవరికీ ఎవరూ ఏమీ కారు. అన్న వేరు, తమ్ముడు వేరు. ఎదురింటివాళ్ళ పేరే ఎప్పుడూ వినలేదు. అడిగేవాడు వెళ్ళిపోయాక మళ్ళీ కూరగిన్నెలు గోడలు దాటతాయి.

తొలకరి చినుకులు పడుతున్న రోజు, ఆఖరి కాయ షెడ్డులో ఉండగా, ఆ మనిషి వచ్చాడు. నడివయసు, రెయిన్‌కోటు, చంకలో ప్లాస్టిక్ కవరు తొడిగిన ఫైలు. విజయవాడలో ఒక లాయరు దగ్గర నుంచి వచ్చానన్నాడు. శ్యామ్ సుందర్ వ్యాను తీసుకుని మైలవరం వైపు వెళ్ళాడు. బాలశౌరి జి. కొండూరులో ఎవరి దగ్గరికో వెళ్ళాడు. వీధి మొదట్లో ఆ మనిషికి దొరికినవాడు పున్నయ్య.

పున్నయ్య మంచివాడు. మంచివాడు కాబట్టే పక్కింటివాళ్ళ బియ్యం కార్డు కాపాడాలనుకున్నాడు.

"షాలోమా? ఆ అమ్మాయి ఎక్కడుందో మాకు తెలీదండీ. శ్యాము ఒంటరివాడు. వండుకుంటాడు, తింటాడు, పడుకుంటాడు. పెళ్ళంటారా? ఏదో అయిందనుకున్నారు, మేం చూళ్ళేదు. ఇద్దరికీ రాకపోకలు లేవండీ."

అంతటితో ఊరుకోకుండా, "కావాలంటే వాళ్ళ వదినని కూడా అడగండి," అంటూ తానే దారి చూపించి షెడ్డుకి తీసుకొచ్చాడు. ఆ మనిషి వెనక నిలబడి లేయాకి కన్ను గీటాడు. ఫైలు కనబడిందిగా, నువ్వూ అదే చెప్పు అని.

లేయాకి కన్నుగీటు అర్థమైంది. ఫైలు ఏంటో కూడా అర్థమైంది. పున్నయ్యకి తెలియనిది ఆవిడకి తెలుసు.

"మీ మరిదిగారికి పెళ్ళయిందాండీ? భార్యాభర్తలు కలిసే ఉంటున్నారా?" అని అడిగాడు ఆ మనిషి.

రేకుల మీద వాన సన్నగా పడుతోంది. ఆవిడ చేతిలో ఒక రసం కాయ ఉంది, తొడిమ దగ్గర సొన ఊరుతోంది. ఆ కాయని తుడుస్తూ లేయా ఆ తెల్ల కవరుని తలుచుకుంది. దాని కిటికీలోంచి ఇక మీదట రెండు పేర్లు బయటికి చూస్తాయి. శ్యాముకీ ఒక ఉత్తరం వస్తుంది, శ్యామునీ గారూ అంటారు. నిన్న మొన్నటిదాకా తన చేతి చారు తిన్న కుర్రాడు. తను అబద్ధం చెప్పక్కర్లేదు. అబద్ధం అప్పుడే వేరొకరు చెప్పేశారు, అదీ ప్రేమ కొద్దీ చెప్పారు. తను దాని పక్కన ఊరికే నిలబడితే చాలు.

"ఏమోనండీ," అంది. "మాది వేరే పొయ్యి."

ఆ మనిషి నిట్టూర్చాడు. ఏదో రాసుకుని ఫైలు మూశాడు.

"అనుకున్నాను. చాలాచోట్ల ఇంతేనమ్మా. కొత్త బట్టలు కట్టుకుని ఫొటోలకి నిలబడతారు, కాగితం పుట్టిస్తారు. ఉత్తుత్తి పెళ్ళిళ్ళు. ఇదీ ఆ బాపతే," అంటూ హెల్మెట్ తీసుకున్నాడు.

"ఏ బాపతు?" అంది లేయా.

"ఉత్తుత్తి పెళ్ళి అంటున్నానమ్మా."

కాయ ఆవిడ చేతిలోంచి ట్రేలోకి జారింది.

ఉత్తుత్తి పెళ్ళా? ఆ పెళ్ళి చూసిన రోజు నుంచి తను పడ్డ మంట ఇంతా అంతా కాదు. ఆ చీర తలుచుకుని, ఆ గొలుసు తలుచుకుని, ఆ నవ్వులు గోడ అవతల నుంచి విని, ఎన్ని సాయంత్రాలు అన్నం నోటికి పోక కూర్చుంది! ఆ పెళ్ళే లేదంటే, ఇన్నాళ్ళూ తను దేన్ని చూసి కాలిపోయినట్టు? పున్నయ్య అబద్ధాన్ని ఆవిడ మోయగలదు. తన అసూయే అబద్ధమంటే మాత్రం ఒప్పుకోలేకపోయింది.

"కూర్చోండి," అంది.

"నాకు ఇంకో ఊరు వెళ్ళాలమ్మా..."

"కూర్చోమన్నానా! ఉత్తుత్తి పెళ్ళికి అంత చీర కడతారాండీ? తెల్ల పట్టు, అరచెయ్యి వెడల్పు బంగారు అంచు. నా పెళ్ళికి పాలిస్టర్ కట్టారు నాకు. కేకు మూడంతస్తులు, పైన రెండు పావురాలు. ఒక పావురం రెక్క విరిగితే క్రీముతో అతికించారు, నేను చూశాను. ఫాదర్ గారు ప్రసంగం పొడిగిస్తుంటే శ్యాము బూటుతో నేల గోకుతున్నాడు. ఉంగరం తొడిగాక కూడా పిల్లాడు ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. చర్చిలో పూజ అయ్యాక మా అత్తగారు, ఇప్పుడు లేదులెండి, తన మెడలోని నానుతాడు తీసి ఆ పిల్ల మెడలో వేసింది. పెద్ద కోడలిని, పక్కనే ఉన్నాను నేను. నా మెడ కనబడలేదు ఆవిడకి!"

"లేయమ్మా... కార్డు..." అని దగ్గాడు పున్నయ్య.

"నువ్వు నోర్మూసుకో బాబాయ్! చూళ్ళేదంట. రెండుసార్లు తిన్నావు ఆ పెళ్ళిలో. మొదటి బంతిలో ఒకసారి, చొక్కా మార్చుకొచ్చి మూడో బంతిలో ఒకసారి."

పున్నయ్య చొక్కా వైపు చూసుకున్నాడు, అది ఆ చొక్కానేమో అన్నట్టు.

ఆ మనిషి మెల్లగా ఫైలు తెరిచాడు. అందులో పెళ్ళి ఫొటో ఉంది. తెల్లచీర, బంగారు అంచు. పెద్దావిడ ఒకరు గొలుసు వేస్తోంది. ఆ పెద్దావిడ భుజం వెనక ఇంకో మొహం.

"ఈ వెనక మూతి ముడుచుకుని ఉన్నది..."

"నేనే," అంది లేయా.

అతనికి నవ్వు ఆగలేదు. "మరి కలిసి ఉంటున్నారా అంటే ఏమో అన్నారు?"

లేయా కొంగుతో చెయ్యి తుడుచుకుంది. మాట్లాడినప్పుడు గొంతులో ఇందాకటి వేడి లేదు.

"గోడ ఒకటేనండీ మాకు. రోజూ సాయంత్రం కంచం ముందు చెంబు పెట్టి, చెంబుకి ఫోన్ ఆనిస్తాడు. ఆ పిల్ల అక్కడ రొట్టె తింటుంది, వీడు ఇక్కడ పప్పన్నం తింటాడు. అక్కడ ఇంకా ఎండ ఉందంట, కిటికీ తిప్పి చూపిస్తుంది. వీడు కూరలో ఉప్పు తక్కువైందని చెబుతాడు. అంత దూరంలో ఉన్న పెళ్ళానికి, ఉప్పు సంగతి! నేను ఆరేళ్ళు ఉన్నాను కువైట్‌లో. మా ఆయన ఫోన్ చేస్తే అందరూ బాగున్నారు అనేవాడు. ఒక్కరోజు కూడా ఉప్పు తక్కువైందని నాకు చెప్పలేదండీ. కలిసి ఉండడమంటే ఏంటని అడుగుతున్నారు మీరు? కువైట్ నుంచి వచ్చాక మేం ఒకే ఇంట్లో ఉంటున్నాం. వాళ్ళంత కలిసి మాత్రం లేం."

ఆ మనిషి ఇందాక రాసింది కొట్టేసి, చాలాసేపు మళ్ళీ రాశాడు.

"లేయా అని రాసుకోండి నా పేరు," అంది ఆవిడ.

"పేర్లు అక్కర్లేదమ్మా. దగ్గరి బంధువు అని రాస్తే సరిపోతుంది."

"ఆ దేశానికీ నా పేరు అక్కర్లేదన్నమాట," అంది లేయా, తనలో తను. అతనికి నాలుగు రసాలు కాగితంలో చుట్టి ఇచ్చింది. అవి పుచ్చుకుంటే తప్పన్నాడు. వెనక్కి తీసుకుని పున్నయ్య చేతిలో పెట్టింది.

బియ్యం కార్డు పోలేదు. పున్నయ్య మాత్రం చాలాకాలం తనే దాన్ని కాపాడానని చెప్పుకు తిరిగాడు. చలికాలంలో శ్యామ్ సుందర్‌కి వీసా వచ్చింది. తోటలు పూతకొచ్చే వేళకి విమానం ఎక్కేశాడు. వీసా వచ్చిందని తెలిసిన రోజు షాలోమి ఫోన్లో ఏడుస్తూ నవ్వింది.

"గుణదల మాతకి మొక్కుకున్నానక్కా. ఆ తల్లే చేసింది."

"అవును, ఆ తల్లే," అంది లేయా. ఆ పూట ఆవిడకి గుణదల మాత మీద కూడా అసూయ కలిగింది.

ఆ రోజు షెడ్డులో జరిగింది వాళ్ళిద్దరికీ ఇప్పటికీ తెలీదు. పున్నయ్య చెప్పడు, చొక్కా సంగతి బయటపడుతుందని. ఇదంతా కథగా రాస్తామని మేం అడిగితే లేయా వద్దనలేదు. పేర్లు మార్చమని కూడా అడగలేదు. షెడ్డు గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ ఒక్కటే అంది:

"వాళ్ళ మేలు కోరి చెప్పానని మాత్రం రాయకండి. ఆ పిల్ల చదివిందంటే ఫోన్ చేసి థాంక్స్ చెబుతుంది. థాంక్స్ చెప్పించుకున్నాక ఇంక కుళ్ళుకోవడానికి నాకు మొహం చెల్లదు."